జ్వరం ఉంటే గేటు దాటనివ్వని డే కేర్ (మాగుంట లేఅవుట్, నెల్లూరు)

నెల్లూరులో డే కేర్ కోసం తిరిగే తల్లిదండ్రులు ఏసీ ఉందా, సీసీ కెమెరా ఫోన్లో కనబడుతుందా, నెలకెంత అని అడుగుతారు. అవీ అడగాల్సినవే. నన్నడిగితే మాత్రం మొదట అడగాల్సింది ఇది: "జ్వరంతో ఒక బిడ్డ వస్తే మీరేం చేస్తారు?" తడుముకోకుండా జవాబు వస్తే మిగతావి తర్వాత చూసుకోవచ్చు. మాగుంట లేఅవుట్‌లో మా పాప వెళ్తున్న డే కేర్ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ముఖ్యంగా ఈ ఒక్క సంగతి మీదే రాస్తున్నాను. పాటలు, రంగులు, యానివర్సరీ ఫంక్షన్ల గురించి వేరేవాళ్ళు చెప్తారు.

నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. మా ఆయనకు కృష్ణపట్నం పోర్టు వైపు షిఫ్టు డ్యూటీలు. అత్తగారు వాళ్ళు కావలిలో ఉంటారు, అమ్మ ఆత్మకూరులో. పాపకు జ్వరం వస్తే మా ఇద్దరిలో ఒకరికి లీవు పోవాల్సిందే. అంటే పాపను వెనక్కి పంపే డే కేర్ వల్ల ఎక్కువ ఇబ్బంది పడేది మాలాంటి వాళ్ళమే. అయినా నేను ఈ డే కేర్‌నే మెచ్చుకుంటున్నానంటే కారణం ఉంది. ఇంతకుముందు వేసిన చోట పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి నోట్లో పుళ్ళు, చేతులకు పొక్కులు వచ్చాయి. మాకు ఒక్క మాట చెప్పలేదు. కూరగాయల బండి దగ్గర ఇంకో తల్లి చెప్తే తెలిసింది. అడిగితే, "చెప్తే అందరూ మానేస్తారు మేడం" అన్నారు. ఆ మాట విన్నాక పాపను అక్కడ ఉంచలేకపోయాం.

ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్తే మెట్ల దగ్గర డే కేర్ నడిపే మేడం కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు. ఆవిడ చాలా ఏళ్ళు నర్సుగా చేశారు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాటల్లో పెడుతూనే చంకలో డిజిటల్ థర్మామీటర్ పెడతారు. అది కూసేలోపు అరచేతులు తిప్పి చూస్తారు, చొక్కా ఎత్తి పొట్ట, వీపు చూస్తారు, కింద రెప్ప లాగి కళ్ళు చూస్తారు. తర్వాత మనల్ని అడుగుతారు: "రాత్రి ఏమన్నా మందు పోశారా? పొద్దున పోశారా? ఎన్నింటికి?" జవాబు నోట్‌బుక్‌లో రాసి మన చేత సంతకం పెట్టిస్తారు. మొదట్లో ఈ సంతకం ఎందుకో అర్థం కాలేదు. తర్వాత చూశాను, సంతకం పెట్టాల్సి వచ్చేసరికి చాలామంది నిజం చెప్పేస్తున్నారు.

ఒకరోజు మా ముందు ఒక తాతగారు మనవణ్ణి తెచ్చారు. వాడి ఒళ్ళు చల్లగానే ఉంది. ఏడింటికి పారాసెటమాల్ పోశామని ఆయనే చెప్పారు.

"జొరం తగ్గిపోయిందిలేమ్మా, ఈ ఒక్క పూట ఉంచుకోండి. పిలకాయలకి జొరం రాకుండా యాడుంటాది?"

"తగ్గింది మందుతో పెద్దాయనా. పదకొండు, పన్నెండుకల్లా మందు దిగిపోద్ది, మళ్ళీ కాలతాది. అప్పుడు వాడికి మీ ఒళ్ళో ఉంటే హాయి గానీ నా దగ్గర ఉంటే ఏం హాయి?"

తాతగారు ఇంకేం అనలేదు. వాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కారు. మేడం సాయంత్రం ఫోన్ చేసి వాడెలా ఉన్నాడో కనుక్కున్నారని తర్వాత ఆ బాబు తల్లే చెప్పింది.

వీళ్ళ రూలు ఏంటంటే, 100.4 ఫారన్‌హీట్, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే లోపలికి రానివ్వరు. తిరిగి రావాలంటే మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి. "మందు వేయకుండా" అన్నదే ఇందులో అసలు ముక్క. పారాసెటమాల్ జ్వరాన్ని నాలుగు నుంచి ఆరు గంటలు దింపుతుంది గానీ జ్వరం తెచ్చిన వైరస్‌ను ఏమీ చేయదు. పొద్దున సిరప్ పోసి పంపడం మన ఊళ్ళో మామూలైపోయింది, ఉద్యోగాలు అలాంటివి, ఆ తల్లుల్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ఒక్క డోసు వల్ల ఆ రోజు పక్క మంచం మీద పడుకున్న పిల్లలందరి ఇళ్ళల్లోనూ వారం తిరిగేలోపు లీవులు పోతాయి. వాంతులు, విరేచనాలకు వీళ్ళు పెట్టుకున్నది ఇంకా కఠినం: చివరి విరేచనం అయ్యాక 48 గంటలు. ఆ సమయంలో ఇంట్లో ఏం చేయాలో కూడా చీటీ ఇస్తారు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సగం సగం కాకుండా మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో కలపాలని, విరేచనాలు తగ్గినా జింకు 14 రోజులూ ఆపకుండా ఇవ్వాలని అందులో రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్ తెచ్చి గ్లాసు నీళ్ళలో చెంచా వేసి కలిపేవాళ్ళు మా వీధిలోనే చాలామంది ఉన్నారు, అది తప్పు. ఉప్పు పాళ్ళు ఎక్కువైతే బిడ్డకు ఇంకా ప్రమాదం.

అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. నెల్లూరుకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, ఆ రోజుల్లో పిల్లలు బయటికి పోలేక ఒకే గదిలో ఉంటారు. ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: చిన్నపిల్లల గదిలో ఒక బిడ్డకు హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అని డాక్టర్ చెప్పారు, ఈ వారం రోజూ స్నానం చేయించేటప్పుడు మీ బిడ్డ అరచేతులు, అరికాళ్ళు, పిర్రలు, నోరు చూసుకోండి, అన్నం వద్దంటే నోట్లో పుళ్ళేమో చూడండి. బిడ్డ పేరు లేదు. ఏ గదో ఉంది, ఏం చూడాలో ఉంది. గ్రూపులో ఒకరిద్దరు "ఎవరి పాప, ఎవరి బాబు" అని అడిగారు. "ఎవరైనా మన బిడ్డే, పేరు చెప్పను" అని మేడం ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నారు. నాకు బాగా నచ్చింది. పేరు బయటపెడితే రేపు ఇంకో తల్లి దాస్తుంది.

ఈ జబ్బు గురించి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. ఇది కాక్సాకీ అనే వైరస్, దాని జాతికే చెందిన ఇంకొన్ని ఎంటరోవైరస్‌ల వల్ల వస్తుంది. ఎక్కువగా ఐదేళ్ళ లోపు పిల్లలకు. వైరస్ తగిలాక మూడు నుంచి ఆరు రోజుల్లో జ్వరం మొదలవుతుంది, ఆ తర్వాత నోట్లో పుళ్ళు, అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు. 2022లో కేరళలో టొమాటో ఫ్లూ అని టీవీల్లో హడావిడి చేసింది కూడా ఈ జబ్బు తరహాదేనని తేలింది. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. బిడ్డ నీళ్ళు తాగడం మానేయకుండా చూసుకోవడమే పని. పులుసులు, కారం దగ్గరికి రానివ్వకూడదు, చల్లటి పెరుగన్నం, పలచటి రాగిజావ పోతాయి. మా పాపకు కూడా వచ్చింది. ఎందుకంటే జ్వరం రాకముందే కొంత అంటుకుపోతుంది, ఏ డే కేర్ అయినా దాన్ని పూర్తిగా ఆపలేదు. కానీ ముందే తెలుసు కాబట్టి పాప ఇడ్లీ ఉమ్మేసిన పూటే నోరు తెరిచి చూశాం, అదే రోజు పొగతోటలో మా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. అంత టెన్షన్ పడలేదు. నెల తర్వాత కాలి గోరు ఒకటి ఊడొచ్చింది. ఈ జబ్బు తర్వాత అలా కావడం మామూలేనని, కొత్త గోరు వస్తుందని డాక్టర్ గారు ముందే చెప్పి ఉన్నారు, లేకపోతే భయపడి చచ్చేవాళ్ళం.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. కోవిడ్ తర్వాత ప్రతి ప్లే స్కూలు గేటు దగ్గరా శానిటైజర్ సీసా ఉంటోంది, అదే శుభ్రత అనుకుంటున్నాం. ఈ జబ్బు తెచ్చే వైరస్‌ల మీద, పిల్లల్లో వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటి వాటి మీద ఆ స్పిరిట్ శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. సబ్బు, పారే నీళ్ళు కావాలి. పైగా తగ్గిపోయిన తర్వాత కూడా బిడ్డ మలంలో ఈ వైరస్ కొన్ని వారాలు పోతూనే ఉంటుంది. అంటే డే కేర్‌లో ఇలాంటి జబ్బు ఆగేదీ పాకేదీ చాలావరకు డైపర్ మార్చే బల్ల దగ్గరే.

అందుకే ఆ బల్ల దగ్గర నిలబడి చూశాను. ఇక్కడ చూడనిస్తారు. ఆయమ్మ ముందే డైపరు, తడిగుడ్డలు, కవరు అన్నీ చేతికందేట్టు పెట్టుకుంది. బల్ల మీద కాగితం పరిచి, గ్లవుజులు వేసుకుని బిడ్డను పడుకోబెట్టింది. మురికి డైపరు చుట్టి కవర్లో వేసి ముడేసింది. అప్పుడు గ్లవుజులు తీసేసి, ఆ తర్వాతే కొత్త డైపరు ముట్టుకుంది. బిడ్డను దింపి ముందు బిడ్డ చేతులు కడిగింది. కడగాల్సింది తన చేతులొక్కటే కాదు, బిడ్డవి కూడా, ఎందుకంటే పిల్లలు పడుకున్నంతసేపూ చేతులు కిందికే పోనిస్తారు. తర్వాత బల్ల మీద కాగితం తీసి, సబ్బునీళ్ళతో తుడిచి, బ్లీచింగ్ నీళ్ళు స్ప్రే కొట్టి అలాగే తడిగా వదిలేసింది. వెంటనే తుడవలేదు. "తుడిస్తే ఏం లాభం మ్మా, కాసేపు నాననీయాల" అంది. చివర్న తన చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. గోళ్ళు పొట్టిగా ఉన్నాయి, గాజులు పైకి తోసి దారంతో కట్టుకుంది. ఆ స్ప్రే నీళ్ళు ఏ రోజుకారోజు పొద్దున్నే కలుపుతారు, నిన్నటివి పారబోస్తారు, ఎందుకంటే కలిపి పెట్టిన బ్లీచ్ బలం తగ్గిపోతుంది. బాత్రూం యాసిడ్ సీసాను ఆ బ్లీచ్ పక్కన కూడా పెట్టనివ్వరు. రెండూ కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తులకు విషం, ఇళ్ళల్లో కూడా గుర్తుంచుకోండి.

ఆటలమ్మ విషయంలో మేడం ఓపిక చూడాలి. మన దగ్గర అమ్మవారు పోసిందంటే డాక్టర్ దగ్గరికి పోని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వేపాకులేసి నీళ్ళు పోశాక, "అమ్మవారికి నీళ్ళు పోసేశాం, ఇంక పంపుతాం" అంటారు. మేడం నమ్మకాన్ని ఒక్క మాట అనరు. "చాలా మంచిదమ్మా, పొక్కులన్నీ పక్కు కట్టినాయేమో చూసి పంపండి" అంటారు. అన్నీ ఎండి పక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది, దద్దు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకోవడం మొదలవుతుంది. కేసు వచ్చినప్పుడు ఆవిడ పెట్టిన మెసేజ్‌లో నేను ఇంకెక్కడా చూడని వాక్యం ఒకటి ఉంది: ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఉంటే నాకు విడిగా ఫోన్ చేయండి. చిన్నప్పుడు ఆటలమ్మ రాని, టీకా పడని గర్భిణికి అది సోకితే తల్లికీ కడుపులో బిడ్డకీ ప్రమాదం. వైరస్ తగిలాక బయటపడటానికి పది నుంచి 21 రోజులు పట్టొచ్చు కాబట్టి మూడు వారాలూ జాగ్రత్తగా చూడమన్నారు.

చేర్చేటప్పుడు టీకా కార్డు జిరాక్సు అడుగుతారు, ఊరికే ఫైల్లో పెట్టరు, కూర్చుని చదువుతారు. పీహెచ్‌సీలో, అంగన్‌వాడీలో ఉచితంగా వేసే వాటిలో తట్టు-రుబెల్లా, రోటావైరస్, న్యుమోనియా టీకాలు ఉన్నాయి. ఆటలమ్మ, గవదబిళ్ళల టీకాలు లేవు, అవి ప్రైవేటులో మనమే వేయించుకోవాలి. మా పాప కార్డు చూసి ఆటలమ్మ రెండో డోసు పడలేదని మేడమే చెప్పారు. అలా అని వేయించని వాళ్ళను చేర్చుకోము అనరు. ఆ టీకా ఖరీదు అందరూ పెట్టుకోలేరని ఆవిడకు తెలుసు. ఉచిత టీకాలు మాత్రం తప్పనిసరి, ఆ విషయంలో ఎవరి మాటా వినరు.

మందులు పోసే పద్ధతి కూడా చెప్పాలి. జబ్బు తగ్గి, కోర్సు మిగిలిన బిడ్డకు మధ్యాహ్నం డోసు వీళ్ళు పోస్తారు, డాక్టర్ చీటీ ఉంటేనే. సీసా మీద బిడ్డ పేరు రాయించి, ఎన్ని ఎంఎల్ అన్నది ఒక్కటే కాక సీసా మీద బలం ఎంతని రాసి ఉందో అది కూడా రాసుకుంటారు. పారాసెటమాల్ చుక్కల మందులో ఒక ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఐదు ఎంఎల్‌కు 120, 125 ఉంటుంది, ఇంకొకదానిలో 250. 120 సిరప్ లెక్కతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పోయినట్టు. ఇంటి నుంచి తెచ్చిన దగ్గు, జలుబు సిరప్‌లు చీటీ లేకుండా ముట్టుకోరు. నాలుగేళ్ళ లోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో డ్రగ్స్ కంట్రోలర్ చెప్పారు. షాపులో అడిగితే ఇంకా ఇచ్చేస్తూనే ఉన్నారు.

డెంగీ ఒకరి నుంచి ఒకరికి అంటదు గానీ ఆ దోమ పగలే కుడుతుంది, పిల్లలు పగలే నిద్రపోతారు. కిటికీలకు మెష్ ఉంది, కూలర్ నీళ్ళు, పూలకుండీ పళ్ళేలు వారంవారం పారబోస్తారు. ఫరవాలేదు. కళ్ళకలక వస్తే తువ్వాళ్ళు వేరు చేస్తారు, అసలు మామూలుగానే తువ్వాలు, గ్లాసు, దుప్పటి ఎవరివి వాళ్ళకే.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. పచ్చ చీమిడి కారితే వెనక్కి పంపేస్తారు. అది అన్యాయం. జలుబు తగ్గేముందు చీమిడి పచ్చబడటం మామూలు, రంగును బట్టి అంటుకునేదీ లేనిదీ చెప్పలేం. జ్వరం లేకుండా ఆడుకుంటున్న బిడ్డను అందుకోసం ఇంటికి పంపక్కర్లేదని మా డాక్టర్ గారూ అన్నారు. మేడంతో చెప్పాను. "మిగతా తల్లులు ఒప్పుకోరమ్మా" అన్నారు. అలాగే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ తగ్గాక డాక్టర్ సర్టిఫికెట్ లేందే రానివ్వరు. జ్వరం పోయి, చొంగ కారకుండా, హుషారుగా ఉంటే రావచ్చని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే చెప్తున్నారు. ఉత్త కాగితం కోసం పొగతోటలో టోకెను తీసుకుని కూర్చోవాలంటే మళ్ళీ ఒక పూట లీవు, మళ్ళీ ఫీజు. ఇది మార్చుకుంటే బాగుంటుంది. మధ్యలో జ్వరం వచ్చిన బిడ్డను పడుకోబెట్టే చోటు మెట్ల కింద ఉంది, మంచం శుభ్రంగానే ఉంది, ఆయమ్మ పక్కనే కూర్చుంటుంది కానీ గాలి ఆడదు. ఫోన్ చేశాక గంటలోపు రావాలంటారు. పోర్టు నుంచి గంటలో రావడం మా ఆయనకు కష్టమే, అందుకని నా ఆఫీసులో పనిచేసే ఒక అక్క పేరు కూడా రాసి ఇచ్చాం. రాని రోజులకు ఫీజు తగ్గించరు. తగ్గించమని నేను అడగను కూడా, కారణం ఆయమ్మ చెప్పింది. వాళ్ళకు జ్వరం వస్తే జీతం కోయకుండా ఇంట్లో ఉండమంటారట. జీతం కోసే చోట ఏ ఆయమ్మ అయినా జ్వరం దాచుకుని పనికి వస్తుంది, ఆ చేతులతోనే పిల్లలకు అన్నం కలిపి పెడుతుంది. ఇందుకోసం నా డబ్బు పోతే నాకు బాధ లేదు.

నెలకు ఆరువేల పైచిలుకు, అన్నం, సాయంత్రం పాలు కలిపి. ఎనిమిదిన్నర నుంచి ఆరు దాకా, ఆదివారం సెలవు. బిడ్డ జ్వరంతో ఉన్నా ఉంచుకునే చోటు కావాలంటే ఇది మీకు సరిపడదు, ముందే చెప్తున్నాను. చేర్చేముందు పదకొండు ప్రాంతంలో చెప్పకుండా వెళ్ళండి. టిఫిను అయ్యాక డైపర్లు మార్చే వేళ అది, ఆ బల్ల దగ్గర కాసేపు నిలబడండి. వెళ్ళేటప్పుడు టీకా కార్డు ఒరిజినలు, జిరాక్సు, గంటలో రాగలిగిన ఇద్దరి ఫోన్ నంబర్లు, బిడ్డకు ఏ మందైనా పడదంటే ఆ మందు పేరు రాసి పట్టుకెళ్ళండి. చిన్నపిల్లల గదిలో సీట్లు తక్కువ, జూన్‌లో నిండిపోతాయి.